చప్పుడు చెయ్యని రేడియో

మంచి రేడియో అంటే ఏమీ వినబడని రేడియో. ఈ మాట తొందరపడి అనడం లేదు. పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుని, కాఫీ తాగి, నిదానంగా ఆలోచించి రాస్తున్నాను.

నవ్వుతున్నారా? సరే, వినడం వల్ల ఇప్పటిదాకా మీకు ఒరిగిందేమిటో చెప్పండి! టీవీ చర్చలు విన్నారు. ఆఫీసులో మేనేజరు ఉపన్యాసాలు విన్నారు. అపార్టుమెంటు అసోసియేషన్ మీటింగులో మంచినీళ్ళ మోటారు గురించి రెండు వర్గాల వాదనలూ విన్నారు. ఎవరైనా బాగుపడ్డారా? మోటారైనా బాగుపడిందా?

నా మాట నమ్మనివాళ్ళ కోసం ఒక సాక్షిని ప్రవేశపెడుతున్నాను. ఆయన పేరు గురునాథరావు. కూర్మన్నపాలెంలో మా పక్కింటాయన. గోదావరి జిల్లా నుంచి ఉక్కు కర్మాగారం ఉద్యోగానికొచ్చి, రోలింగ్ మిల్లులో రిటైరై, ఇక్కడే స్థిరపడ్డాడు. ఆయనకి తాగుడు లేదు, పేకాట లేదు. వాటిని మించిన వ్యసనం ఒకటుంది. ఆయన హామ్!

హామ్ అంటే అతిగా నటించే సినిమావాళ్ళ బాపతు కాదు. ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి, లైసెన్సు పుచ్చుకుని, ఇంట్లో ఒక రేడియో పెట్టుకుని గాలిలో సాటి పిచ్చివాళ్ళతో కబుర్లాడే మనిషి. మామూలు రేడియో వినిపించి ఊరుకుంటుంది. వీళ్ళ రేడియోలో తిరిగి మాట్లాడొచ్చు కూడా. తుఫాను కొట్టి సెల్ టవర్లు పడిపోయిన రోజున ఊరంతా వీళ్ళ గుమ్మంలో ఉంటుంది. మిగతా రోజుల్లో వీళ్ళ ఏరియల్ తీగ మీద కాకి వాలినా ఫిర్యాదే. ఆ తీగ రెండో కొస నా కొబ్బరిచెట్టుకి కట్టి ఉంది కాబట్టి, ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకు సంపూర్ణంగా ఉంది.

ఆయన దగ్గర మొదట ఓ పాత రేడియో ఉండేది. ఇనప్పెట్టెలాంటిది. ముందువైపు అరచేతికి నిండుగా తగిలే పెద్ద నాబ్ ఒకటి, చుట్టూ చిన్నవి కొన్ని. నాబ్ తిప్పితే ఊళ్ళు మారతాయి. అంతకుమించి దానికేమీ చేతకాదు! పైగా గోల. రేవులో క్రేన్ల మోటార్లు, వీధి చివర వెల్డింగు షాపు, సముద్రం మీద ఎక్కడో ఉరుములు, అన్నీ కలిసి కాగిన నూనెలో ఆవాలేసినట్టు చిటపటలాడేవి. ఆ చిటపటల మధ్యనుంచి మనిషిని ఏరుకోవాలి.

గురునాథరావుకి అదొక లెక్క కాదు. మిల్లు హోరులో ఏ బేరింగు మూలుగుతోందో నిలబడ్డచోటి నుంచే చెప్పిన చెవులవి. కానీ రిటైరైన చెవులకి విశ్రాంతి అక్కర్లేదా? వాటిచేత ఇంకా ఓవర్‌టైం చేయించడం న్యాయమా?

ఈ ప్రశ్నే దేవీప్రసాద్ వేశాడు. ఇతనూ హామే. పోర్టులో ఉద్యోగం, భీమిలి పక్కనుంచి రోజూ వచ్చిపోతాడు. కొత్త రేడియో వచ్చిందంటే దాని అట్టపెట్టె వాసన చూడందే అన్నం సయించని మనిషి.

“ఇంకా ఈ తుక్కేటి బావా? రేడియో ముట్టుకుంటే మనిషికి సరదా పుట్టాల. కాలం మారిపోయింది. నువ్వు మారవేటి?” అన్నాడు.

గురునాథరావు గుండెలో ములుకు దిగింది. ఇన్నేళ్ళూ తనకి సరదాగానే ఉందనుకున్నాడు పాపం. అది అసలు సరదా కాదని ఇప్పుడు తెలిసింది. ఆ రోజునుంచే ముట్టుకుంటే సరదా పుట్టే రేడియో కోసం వేట మొదలైంది.

మొదట వచ్చింది టిఫిన్ బాక్సంత రేడియో. దాని బటన్ ఒకసారి నొక్కితే ఒక పని, నొక్కిపట్టుకుంటే ఇంకో పని, పక్కదానితో కలిపి నొక్కితే మరో పని. భయంభయంగా నొక్కితే ఏ పనీ చెయ్యదు. గురునాథరావువి ఉక్కు ఫ్యాక్టరీ వేళ్ళు. ఒక వేలు పెడితే చుట్టుపక్కల బటన్లన్నీ మునిగిపోయేవి. ఫలితంగా ఆయన చేతివేళ్ళకి ఎంత చక్కటి వ్యాయామం! ఫిజియోథెరపీకి వెళ్తే ఊరికే చేస్తారా?

తర్వాత ముఖమే లేని రేడియో వచ్చింది. నాబ్ లేదు, బటన్ లేదు, నల్లటి పెట్టె. అంతా కంప్యూటర్లోనే. ఆయన మైకు పట్టుకుని శ్రీలంక హామ్ ఎవరికో నమస్కారం పెట్టబోయే సమయానికి, కంప్యూటరు తను అప్‌డేట్ అవుతున్నానని, దయచేసి కదిలించవద్దని చెప్పేది. ఆయన మైకు పట్టుకుని అలాగే కూర్చునేవాడు. సహనం ఒక సద్గుణం కాదా? యోగా క్లాసుల్లో దాన్నే కదా నేర్పుతున్నారు!

ఆ తర్వాత టచ్ స్క్రీన్. విశాఖ ఉక్కపోతలో చెమట పట్టిన వేలితో దాన్ని తాకితే పలకదు. తుడుచుకుని తాకితే ఆస్ట్రేలియా వెళ్ళిపోతుంది. కర్నూలు వాళ్ళతో మాట్లాడాలనుకున్న మనిషిని ఖండాంతరాలు దాటించే వాహనం ఇంకేదైనా ఉందా?

చివరికి వచ్చింది మహారేడియో. దాన్ని తీసుకొచ్చింది, బల్లమీద పెట్టింది, సెట్టింగులన్నీ చేసింది కూడా దేవీప్రసాదే. వెడల్పాటి రంగుల తెర. తెరమీద నీలం రంగు జలపాతంలా పైనుంచి కిందికి జారుతుంటుంది. గాలిలో ఎక్కడ ఏ శబ్దం వచ్చినా ఆ నీలంలో పచ్చగా ఒక గీత పడుతుంది. దేవీప్రసాద్ మెనూలోకి దిగి, ఆ మెనూలో ఉన్న ఇంకో మెనూలోకి దిగి, ఏదో నొక్కి పైకి తేలాడు.

చిటపట ఆగిపోయింది! రేవు లేదు, వెల్డింగు లేదు, ఉరుము లేదు. గదిలో ఫ్యాను తిరగడం వినబడింది.

“సూసినావా బావా! ఇంక ఈల కూసినా, గురక పెట్టినా ఇదే పట్టుకుని పీక నొక్కేత్తాది. నువ్వేటీ సెయ్యక్కర్లేదు.”

గురునాథరావు భార్య కుసుమకుమారి వంటింట్లోంచి వచ్చి, తలుపు దగ్గర నిలబడి, రేడియో పాడైందా అని అడిగింది. ఆడవాళ్ళకి టెక్నాలజీ అర్థం కాదని ఇద్దరూ నవ్వుకున్నారు. పాత రేడియో ఒక పాత చీర కప్పుకుని అటకెక్కింది.

ఇక్కడ చలమయ్య సంగతి చెప్పాలి.

చలమయ్యది పద్మనాభం అనే ఊరు. పోర్టులో క్రేన్ ఆపరేటరుగా చేసి రిటైరై ఊళ్ళో వరి పండించుకుంటున్నాడు. ఆయనా గురునాథరావూ హామ్ పరీక్ష ఒకే రోజున పక్కపక్క బెంచీల్లో కూర్చుని రాశారు. ఆ రోజుల్లో మోర్స్ కూడా రావాలి. అంటే కీ నొక్కి, పొట్టి కూతా పొడుగు కూతా కలిపి అక్షరాలు పంపడం. పరీక్ష పాసై బయటికొచ్చి టీ తాగుతూ ఇద్దరూ ఒక ఒట్టు పెట్టుకున్నారు. ఒకరితో ఒకరు ఎప్పుడూ ఫోనులో మాట్లాడుకోకూడదు! లైసెన్సున్న మగాళ్ళకి ఫోనెందుకు? ఆనాటినుంచి పొద్దున్న టీ వేళకి ఇద్దరూ రేడియోలో తమ చోటికి వచ్చేవాళ్ళు. నడుమ సింహాచలం కొండ అడ్డున్నా వాళ్ళ కబుర్లకి అడ్డులేదు.

ఈమధ్య చలమయ్యకి గొంతు ఆపరేషనైంది. ప్రాణం దక్కింది, మాట పోయింది. మోర్స్ కీ మాత్రం మిగిలింది. అప్పటినుంచి గురునాథరావు నోటితో మాట్లాడితే, చలమయ్య కీ నొక్కి జవాబు చెప్పేవాడు. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. ఆ కీకి కూడా యాస ఉండేది. ‘ఏటి బావా’ అని కూస్తే కుసుమకుమారి వంటింట్లోంచే “అన్నయ్యగారు వచ్చారండీ” అనేది. ఆవిడకి మోర్స్ ఒక్క అక్షరం రాదు. కానీ ఆ కూత ఎవరిదో తెలుసు.

మహారేడియో వచ్చాక చలమయ్య పలకడం మానేశాడు.

గురునాథరావు రోజూ పొద్దున్నే మైకు పట్టుకుని పిలిచేవాడు. పిలిచి, చెవి రిక్కించేవాడు. నిశ్శబ్దం. మొదట్లో కంగారుపడ్డాడు. తర్వాత నొచ్చుకున్నాడు. తర్వాత కోపమొచ్చింది. ఫోను చేద్దామంటే ఒట్టు. వెళ్దామంటే పౌరుషం. పిలిస్తే పలకని మనిషి ఇంటికి తనెందుకెళ్ళాలి? ఆపరేషన్ తర్వాత మనిషికి గర్వం పెరిగిందని తీర్మానించుకున్నాడు. మైకులో కూడా అదే అన్నాడు. “ఎవరూ లేరులే. పోనీ, చప్పుడు లేకుండా ప్రాణం హాయిగా ఉంది” అని గాలికి చెప్పి కట్టేసేవాడు.

చూశారా, ఒక మంచి రేడియో మనిషిని ఎంత స్వతంత్రుణ్ణి చేస్తుందో! మిత్రుడు ఉన్నాడన్న బెంగ లేదు. వాడికేమైందోనన్న దిగులు లేదు. అంతా హాయి.

ఒక్కటే చిన్న లోపం. రోజూ సరిగ్గా ఆ వేళకి తెరమీద ఒక పచ్చగీత కనిపించేది. శబ్దం లేదు, గీత మాత్రం ఉంది. గురునాథరావు దేవీప్రసాద్‌ని పిలిచి చూపించాడు.

“అది మీ పక్కింటోళ్ళ ఇన్వర్టరు బావా. ఎంత గోల సేత్తందో సూడు! అయినా నీకు ఇనబడతందా? నేదు కదా! అదీ దీని గొప్ప!”

ఆ పక్కింటోళ్ళు నేనే. పాఠకులు గమనించగలరు.

అప్పటినుంచి ఆ గీత గురునాథరావు ఇంట్లో ఒక చూడదగ్గ వస్తువైపోయింది. చుట్టాలొస్తే చూపించేవాడు. పాలవాడికి చూపించాడు. ఎల్‌ఐసీ ఏజెంటుని కూర్చోబెట్టి చూపించాడు. “చూడండి, అంత గోలనీ ఎలా మింగేసిందో!” అని మురిసిపోయేవాడు. నాకూ చూపించాడు. నా ఇన్వర్టరు ఇంత అల్లరిదని తెలిసి నేను సిగ్గుతో తలవంచుకున్నాను. పొద్దున్నపూట దాన్ని ఆపేస్తానని మాట కూడా ఇచ్చాను. ఆపేశాను. గీత ఆగలేదు. ఆపానంటే ఎవరూ నమ్మలేదు.

ఇలా ఉండగా ఓ రోజు మధ్యాహ్నం గురునాథరావుకి ఫోనొచ్చింది. చలమయ్య భార్య పోతమ్మ.

“ఒట్టు మీ ఇద్దరిదీ, నాకేటి బాబూ? అందుకే నాను సేత్తన్నాను. మా ముసిలోడు రోజూ పొద్దున్నే టీ కూడా తాక్కండా ఆ డబ్బా కాడ కూకుని కొడతన్నాడు. నువ్వు పలకవు. పలక్కపోతే పలక్కపోయినావు, సప్పుడు నేదు, పేనం హాయిగుంది అంటన్నావట! నోరెలాగూ పోయింది. ఆ టిక్కుటిక్కే ఆయన నోరు బాబూ. రేపొక్కరోజు సూసి ఆ డబ్బా ఇనప సామాన్లోడికి ఇచ్చేత్తానని సెయ్యి ఊపి సెప్పినాడు. నాను సెప్పినట్టు సెప్పకు.”

“కొడుతున్నాడా? చెల్లెమ్మా, నాకు ఒక్క కూత కూడా వినబడలేదు!”

“ఎదురుగా కూకుని సూత్తన్నాను కదా బాబూ. కొడతన్నాడు. ఒక్కోసారి కొడతా ఏడుత్తన్నాడు.”

ఫోను పెట్టేశాక గురునాథరావు ఆ సాయంత్రం అన్నం కూడా సరిగ్గా తినలేదు. తన ప్రసారం అటు చేరుతోంది. అటుది ఇటు చేరడం లేదు. ఎందుకు చేరడం లేదు? చెవులు పోయాయా?

మర్నాడు పొద్దున్న టీ వేళకన్నా ముందే కూర్చున్నాడు. నిశ్శబ్దం. సమయానికి నీలం జలపాతంలో పచ్చగీత మొదలైంది. ఆయనకి ఒళ్ళు మండింది. ఈ దిక్కుమాలిన గీతవల్లే వినబడటం లేదేమోనని కిటికీలోంచి నామీద అరిచాడు.

“ఆ ఇన్వర్టరు ఆపి చావండి మహాప్రభో!”

“ఇన్వర్టరు ఇంట్లోనే లేదండీ!” అని నేనూ అరిచాను. “నిన్న పాడైతే గాజువాకలో రిపేరుకిచ్చాను!”

గురునాథరావు మెల్లగా తెరవైపు తిరిగాడు. గీత వస్తూనే ఉంది. అప్పుడు చూశాడు. అది ఏకగీత కాదు. ముక్కలు ముక్కలుగా ఉంది. కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి.

కుర్చీ తెరకి దగ్గరగా లాక్కున్నాడు.

ఈల కూస్తే పీక నొక్కేస్తుందన్నాడు దేవీప్రసాద్. మోర్స్ కూత ఈల కాక మరేమిటి? ఒకే తీరుగా సాగే సన్నటి ఈల! గొంతున్నవాడు మాట్లాడితే రేడియో వదిలిపెడుతుంది. గొంతులేనివాడు కూస్తే చప్పుడనుకుని చెరిపేస్తుంది. నెలల తరబడి పాలవాడికీ, ఎల్‌ఐసీ ఏజెంటుకీ పిలిచి పిలిచి తను చూపించింది చలమయ్యనే!

గబగబా మెనూలోకి దిగాడు. భాష మార్చుకోవాలా అని అడిగింది. వెనక్కొచ్చాడు. ఇంకో మెనూ. తెర వెలుతురు పెంచాలా అంది. ఇంకోటి. కొత్త అప్‌డేట్ సిద్ధంగా ఉందంది. దేవీప్రసాద్‌కి ఫోను చేస్తే డ్యూటీలో ఉన్నాడు, ఎత్తలేదు. గీత కిందికి జారిపోతోంది. జారిపోయింది మళ్ళీ రాదు.

మెనూ వదిలేశాడు. కళ్ళజోడు సర్దుకుని గీతనే చదవడం మొదలెట్టాడు. కొత్తది పైన పుట్టి కిందికి జారుతుంది కాబట్టి కిందనుంచి పైకి చదువుకోవాలి. చెవితో తప్ప కంటితో ఎప్పుడూ మోర్స్ చదివినవాడు కాదు. చలమయ్య చెయ్యి నిదానం కావడం ఆయన అదృష్టం. పొడుగు, పొడుగు, పొట్టి. జీ. పొట్టి, పొట్టి, పొడుగు. యూ. పొట్టి, పొడుగు, పొట్టి. ఆర్. మళ్ళీ యూ.

గురు.

పెదవులు కదుపుతూ ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. కుసుమకుమారి వచ్చి వెనక నిలబడింది. తెరమీద మాట పూర్తయింది.

‘ఇదే ఆఖరు. రేపట్నించి నీకు సప్పుడుండదు.’

గురునాథరావు మైకు లాక్కున్నాడు. “చలమయ్యా! ఉండు! కట్టెయ్యకు! నువ్వు కనిపిస్తున్నావు! వినబడటం లేదు, కనిపిస్తున్నావు!”

నీలం జారింది. ఖాళీగా జారింది. చాలాసేపు ఖాళీగానే జారింది. తర్వాత పచ్చటి ముక్కలు పడ్డాయి.

‘కనబడ్డమేటి. తాగినావా.’

అంతే, గురునాథరావు అంతా చెప్పేశాడు. కొత్త రేడియో సంగతి, ఈలల సంగతి, పాలవాడి సంగతి. “నిన్ను చప్పుడనుకుంది బావా ఈ ముండమోసింది! నేను దాన్ని మెచ్చుకున్నాను!”

జవాబు నిదానంగా వచ్చింది. ఆయన కిందనుంచి పైకి చదివాడు.

‘దాని తప్పేటుంది. గొంతు పోయినాక నాను సప్పుడే గదా బావా.’

గురునాథరావు ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా, సిగ్గు విడిచి ఏడ్చాడు. మైకు బటన్ నొక్కే ఉందన్న సంగతి మరిచిపోయాడు. ఆ ఏడుపంతా సింహాచలం కొండ దాటి పద్మనాభం చేరింది. వదిలాక తెరమీద ముక్కలు పడ్డాయి.

‘ఏడుపు బాగా ఇనబడతంది. ఫైవ్ నైన్.’

హామ్‌ల లెక్కలో అంతకన్నా స్పష్టమైన సిగ్నల్ లేదు. కుసుమకుమారి ఏమైందని కంగారుగా అడిగితే, ఆయన కళ్ళు తుడుచుకుంటూ ఇది చదివి వినిపించాడు. ఆవిడ కూడా కళ్ళొత్తుకుంది. తర్వాత స్టూలు తెచ్చి అటక కింద వేసింది.

సాయంత్రం దేవీప్రసాద్ వచ్చేసరికి బల్లమీద పాత ఇనప్పెట్టె ఉంది. “సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌లో ఓ నొక్కు నొక్కితే పోయేది గదా బావా!” అని బాధపడ్డాడు. గురునాథరావు పెద్ద నాబ్ మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు. ఆయన ముఖంలో ఉన్నది సరదాయేనని నేను గోడమీదనుంచి ధ్రువీకరిస్తున్నాను.

ఇప్పుడు పొద్దున్నే మళ్ళీ గోల. క్రేన్లు, వెల్డింగు, ఉరుములు, ఈసారి నిజంగానే నా ఇన్వర్టరు. అంతటి చిటపటల మధ్య ఎక్కడో సన్నగా ఒక కూత. అది వినబడగానే కుసుమకుమారి కుక్కరు కట్టేస్తుంది, నేను ఇన్వర్టరు కట్టేస్తాను.

అయినా నా సిద్ధాంతం మార్చుకోలేదు. మహారేడియో నిజంగా గొప్ప వస్తువు. ప్రస్తుతం అమ్మకానికుంది. కండిషన్ బ్రహ్మాండం, గీత కూడా పడలేదు. నెమ్మదిగా మాట్లాడేవాళ్ళు, చెప్పిందే చెప్పేవాళ్ళు, నత్తివాళ్ళు, ముసలివాళ్ళు, అసలు నోరే లేనివాళ్ళు, వీళ్ళందరూ చప్పుడనిపించే పెద్దమనుషులకి ఇంతకన్నా హాయైన యంత్రం దొరకదు. ఆఫీసులకీ, అసెంబ్లీలకీ కూడా పనికొస్తుంది.

కావలసినవాళ్ళు నన్ను కలవండి. గురునాథరావు పొద్దున్నపూట ఖాళీగా ఉండడు.